మరచెంబుతో తెనాలి నుంచి ఇర్వింగ్‌కు

మొదటి రోజు, తెనాలి

నేను గేటు తీసేసరికి పాప వాకిట్లో వేపచెట్టు కింద చిన్న స్టూలు మీద కూర్చుని తాటిముంజ తింటోంది. మోచేతి దాకా నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి లేవలేదు, పారిపోనూ లేదు. తల వెనక్కి తిప్పి, "అమ్మమ్మా, అమ్మాయొచ్చింది" అని ఇంట్లోకి ఒక కేక వేసి మళ్లీ ముంజ మీద పడింది.

అమ్మాయి అంటే నేనే. మా అమ్మ నన్నెప్పుడూ పేరుతో పిలవదు, అమ్మాయ్ అంటుంది. పాప చెవిన పడింది అదే, నోట వచ్చేదీ అదే. నన్ను అమ్మ అని పిలవమని మా అమ్మ ఎంత చెప్పినా అలవాటు కాలేదట. ఎత్తుకుందామని రెండు చేతులూ చాచాను. ముంజ అడుగుతున్నాననుకుంది కాబోలు, సగం కొరికిన ముంజ నా అరచేతిలో పెట్టింది.

పాప 2021 జూన్‌లో డాలస్‌లో పుట్టింది. కరోనా ఆంక్షలతో అమ్మ కాన్పుకు రాలేకపోయింది. అవి ఎత్తేశాక డిసెంబరులో విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంది. అక్కడ కాన్పుకు చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా. అమ్మ వెళ్లిపోతే పాపను చూసేవాళ్లు లేరు, డేకేర్‌కు పెట్టే డబ్బు ఇంటి అద్దెతో సమానం. మన తెలుగువాళ్లలో వందల ఇళ్లలో జరిగేదే మా ఇంట్లోనూ జరిగింది. 2022 మే నెలాఖరున అమ్మ తిరిగి వెళ్తూ 11 నెలల పాపను తనతో తీసుకెళ్లింది. ఒక్క ఏడాదే అనుకున్నాం. ఆ ఏడాది తిరక్కముందే నేనూ పాప తండ్రీ విడిపోయాం. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. పాప నా దగ్గరే ఉండాలని ఇద్దరం ఒప్పుకున్నాం, కోర్టూ అలాగే రాసింది. 2023 డిసెంబరులో మూడు వారాలు వచ్చి వెళ్లాను. అప్పుడే తీసుకెళ్లాల్సింది. ఉద్యోగం మారే సమయం, ఒక్కదాన్నే ఎలా పెంచుతాననే భయం. ధైర్యం చాలలేదు.

ఈసారి తీసుకెళ్లడానికే వచ్చాను. చేతిలో పది రోజులు.

రెండో రోజు

పగలంతా పాప నన్ను చుట్టంలాగే చూసింది. నా పెట్టెలో ఏముందో చూసింది, బొమ్మలు తీసుకుంది, నేను జడ వేస్తానంటే మాత్రం అమ్మమ్మ వేస్తుందంది. రాత్రి ఏడున్నర అయింది. రోజూ నేను వీడియో కాల్ చేసే వేళ అది, నాకక్కడ పొద్దున తొమ్మిది. పాప మా అమ్మ ఫోన్ పట్టుకొచ్చి సరిగ్గా నా ఎదురుగానే కూర్చుంది. "అమ్మమ్మా, అమ్మాయికి ఫోన్ చెయ్యి" అంది.

అమ్మ నా వంక చూసింది. నేను పక్క గదిలోకి వెళ్లి అక్కడి నుంచి కాల్ చేశాను. పాప ఆ రోజు తిన్నవన్నీ చెప్పింది, కొత్త బొమ్మలు చూపించింది. "ఎవరు తెచ్చారు?" అన్నాను. "అమ్మాయి తెచ్చింది, లోపలుంది" అంది. ఫోన్‌లో అమ్మాయి, ఇంట్లో అమ్మాయి ఒకరే అని దానికి ఇంకా కలవలేదు. మాట్లాడుతూనే మెల్లగా నడిచి వెళ్లి దాని పక్కన కూర్చున్నాను. స్క్రీన్‌లో తన ముఖం పక్కన నా ముఖం, ఇటు తిరిగితే మళ్లీ నేనే. చాలాసేపు అటూ ఇటూ చూసింది. తర్వాత ఫోన్ కింద పెట్టి నా ముక్కుపుడకను వేలితో ముట్టుకుంది.

మూడు, నాలుగు రోజులు

ఈ రెండు రోజులూ నేను పాపను తప్ప ఏమీ చూడలేదు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు, మూడు కాలువలు ఊళ్లోంచే పారతాయి. పొద్దున్నే తాతయ్య స్కూటర్ మీద ముందు నిలబడి కాలువ గట్టు దాకా వెళ్లి రావడం పాప దినచర్య. నేను వెనక కూర్చున్నాను. గాలికి దాని జుట్టు నాన్న గడ్డానికి తగులుతుంటే ఆయన తల పక్కకు వంచి బండి నడుపుతున్నారు. మూడేళ్లుగా అలాగే నడుపుతున్నారేమో, ఆ వంపు అలవాటైపోయింది.

ఇంట్లో ఒక్కొక్కటీ అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ముద్ద ఎంత పెట్టాలి, కందిపొడిలో నెయ్యి ముందు కలపాలా తర్వాత కలపాలా, తలంటితే కళ్లు ఎలా మూయించాలి. నీళ్లు ఒక్క మరచెంబులోంచే తాగుతుంది. మా నాయనమ్మ నాటి ఇత్తడి చెంబు అది, అరలీటరు పట్టదు, మూతకు మరలు సగం అరిగిపోయాయి. గ్లాసులో పోసిస్తే ముట్టదు. రాత్రిళ్లు పాప నీళ్లడిగితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లేది, చీకట్లో టక్ టక్ మని రెండుసార్లు చప్పుడు వినబడేది. ఏవో గిన్నెలు సర్దుతోందనుకుని మళ్లీ కళ్లు మూసుకునేదాన్ని.

నిద్రపుచ్చడం అన్నిటికన్నా కష్టమైన పాఠం. అమ్మ పాట పాడదు. పాప వీపు మీద చెయ్యేసి, పడుకున్నవాళ్ల పేర్లు చెబుతుంది. తాతయ్య పడుకున్నాడు. ఎదురింటి కుక్క పడుకుంది. పాలబ్బాయి పడుకున్నాడు. స్కూటర్ పడుకుంది. కాలువ పడుకుంది. ఈ వరస మారితే పాప ఒప్పుకోదు. నేను మొదటిసారి చెప్పినప్పుడు స్కూటర్‌ను మరిచిపోయాను, లేచి కూర్చుని సరిచేసింది. రెండోసారి కాలువ దాకా వచ్చేసరికి కళ్లు మూసింది. కానీ నా వేలు కాదు, అటువైపున్న అమ్మ వేలు పట్టుకుని.

నాలుగైదు రోజుల సెలవు మీద వచ్చి పిల్లను తీసుకుని వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఇబ్బందులు వాళ్లవి. కానీ నా మటుకు పది రోజులు కూడా చాలలేదు. వీలైతే నెల రోజులు పెట్టుకోండి. వీలుకాకపోతే టికెట్ వెనక్కి జరపండి.

అయిదో రోజు, కాగితాలు

ఇదే దారిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని కాగితాల సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను. పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉంది. 16 ఏళ్లలోపు పిల్లలకు అది అయిదేళ్లకే ఇస్తారు, మాది 2026 వరకు ఉంది. గడువు అయిపోయి ఉంటే హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు పాపను తీసుకెళ్లి కొత్తది తీసుకోవాలి. దానికి తల్లీతండ్రీ ఇద్దరి సమ్మతి అడుగుతారు. ఒకరే వెళ్తే రెండోవారి నోటరీ సంతకం, లేదా పూర్తి హక్కు మీదేనని చెప్పే కోర్టు కాగితం చూపించాలి. విడిపోయేవాళ్లు పాస్‌పోర్టు తీసుకునే హక్కు ఎవరిదో డిక్రీలోనే స్పష్టంగా రాయించుకుంటే మంచిది.

ఇక ఓసీఐ కార్డు, వేరే దేశ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చేది. పాపను పంపేముందే దాన్ని తీసుకోవడం మేం చేసిన ఒక మంచి పని. అది ఉంటే పిల్లలు ఇండియాలో ఎన్నాళ్లున్నా పరవాలేదు. వీసా మీద వచ్చి గడువు దాటిపోతే మాత్రం బయల్దేరేముందు విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ ఆఫీసు నుంచి ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలి, అది లేకుండా విమానం ఎక్కనివ్వరు. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఓసీఐ కార్డు కొత్తగా తీసుకోవాలేమోనని కొందరు కంగారుపడతారు. 20 ఏళ్లలోపు వాళ్లకు 2021 నుంచి ఆ అవసరం లేదు, కొత్త పాస్‌పోర్టు, ఫోటో ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే చాలు.

మూడోది, పాప తండ్రి సంతకం చేసి నోటరీ చేయించిన ఉత్తరం: ఫలానా తేదీల్లో పాప తల్లితో ప్రయాణిస్తోంది, నాకు అభ్యంతరం లేదు అని. చట్టం తప్పనిసరి అనకపోయినా, ఒక్కరే పిల్లతో వస్తుంటే అది ఉండటం మంచిదని అక్కడి సరిహద్దు అధికారులే చెబుతారు. అడగగానే ఆయన పంపాడు. ఆ విషయంలో ఆయనకు నా కృతజ్ఞత ఎప్పుడూ ఉంటుంది.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది టీకాల కార్డు. టెక్సస్‌లో బడిలో చేర్చుకోవాలంటే ఆటలమ్మ టీకా, హెపటైటిస్ ఎ రెండు డోసులు, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్ ఉండాలి. మన దగ్గర ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఆటలమ్మది, హెపటైటిస్ ఎ ఉండవు. తట్టుకు, రుబెల్లాకు కలిపి ఎంఆర్ వేస్తారు కానీ అందులో గవదబిళ్లల టీకా కలవదు. నాన్న ప్రైవేటు పిల్లల డాక్టరు దగ్గర దాదాపు అన్నీ వేయించారు, హెపటైటిస్ ఎ రెండో డోసు ఒక్కటి మిగిలింది. అది ఆ సాయంత్రమే వేయించాం. పాప సూదికి ఏడ్చింది. ఏడుస్తూ నా చేతుల్లోంచి అమ్మ చేతుల్లోకి దూకింది.

ఏడో రోజు

ఈ ఏడు వానలు ముందే వచ్చేశాయి. మధ్యాహ్నం నుంచి ముసురు. అమ్మ పెట్టె సర్దుతోంది. కందిపొడి, మాగాయ, సున్నుండలు. మధ్యలో తడిగుడ్డలో చుట్టిన పొట్లం దొరికింది. విప్పితే పెరటి కరివేపాకు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి చెట్లకు తెగులు మోసుకొస్తుందని. ఆ మాట చెప్పి పొట్లం తీసేశాను. అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి వంటింట్లో చూస్తే ఆ ఆకంతా కడిగి వేయిస్తోంది. "పొడి కొట్టిస్తాను. పొడి రానిస్తారుగా?" అంది. గొంతు మామూలుగానే ఉంది, ముఖం మాత్రం నా వైపు తిప్పలేదు. మూడేళ్లు పెంచిన చెయ్యి అది. నేను తీసుకెళ్తున్నది నా కూతుర్నే అయినా, ఆ ఇంట్లోంచి లాక్కెళ్తున్నట్టే ఉంది నాకు.

పక్కింటివాళ్లు, చుట్టాలు అందరిదీ ఒకటే సలహా. "నిద్రలో ఉన్నప్పుడు కార్లో పడుకోబెట్టి తీసుకెళ్లిపో, లేచాక రెండ్రోజులు ఏడ్చి మరిచిపోతుంది." అమ్మ దీనికి అస్సలు ఒప్పుకోలేదు. "చెప్పకుండా తీసుకెళ్తే రేపు నువ్వు స్నానానికి వెళ్లినా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తుంది. దాన్ని మోసం చెయ్యొద్దు అమ్మాయ్" అంది.

ఆ రాత్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని పాపకు తనే చెప్పింది. "నువ్వు అమ్మాయితో విమానంలో ఊరెళ్తావు. నేను రావడం లేదు. తాతయ్య కూడా రాడు. అక్కడే ఉంటావు, బడికెళ్తావు. రోజూ నేను ఫోన్‌లో కనబడతాను." పాప అంతా విని, "స్కూటర్ వస్తుందా?" అని అడిగింది.

తొమ్మిదో రోజు, దారి

మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాం. అమ్మ శంషాబాద్ దాకా రాలేదు. నేనొస్తే నా చెయ్యి వదలదు అంది. పప్పన్నం పెట్టి, మూతి తుడిచి, మరచెంబు నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోసి పాప ఒళ్లో పెట్టింది. కారు మలుపు తిరిగేదాకా పాప వెనక అద్దంలోంచి చూసింది. సత్తెనపల్లి దాకా ఏడ్చింది. నేను ఊరుకోమనలేదు. వీపు మీద చెయ్యేసి కూర్చున్నాను.

వాడపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటేముందు నాన్న కారు ఆపించారు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు అది. పాప చేతికి రూపాయి బిళ్ల ఇచ్చి నీళ్లలో వేయించారు. ఇంకోటి కావాలంది, వేసింది. అలా జేబులో చిల్లర అయిపోయేదాకా వేశారు తాతా మనవరాలూ. తర్వాత మిర్యాలగూడ, నల్లగొండ, చీకటి. పాప నా ఒళ్లో నిద్రపోయింది.

విమానాశ్రయం గేటు దగ్గర టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు. నాన్న బయటే నిలబడిపోయారు. మాట్లాడలేకపోయారు. మెడ కొంచెం పక్కకు వంచి పాపను చూస్తున్నారు, స్కూటర్ మీద వంచినట్టే.

భద్రతా తనిఖీలో నీళ్లు పారబోయమన్నారు. ఖాళీ మరచెంబును ఎక్స్‌రేలో రెండుసార్లు తిప్పి చూసి ఇచ్చేశారు.

పదో రోజు, ఆకాశంలో

దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు పదహారు గంటలు. రెండో విమానంలో మా పక్క సీటులో కరీంనగర్ వైపు పెద్దావిడ ఉంది. మొదటిసారి వెళ్తోందట. పాప మూడో గంటకు లేచి అమ్మమ్మ కావాలని మొదలుపెట్టింది, దాదాపు గంటన్నర ఆపలేదు. ముందువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు చెమటలు పట్టాయి. పడుకున్నవాళ్ల పేర్లు చెప్పాను, తాతయ్య, కుక్క, పాలబ్బాయి, స్కూటర్, కాలువ. కుదరలేదు. అప్పుడు ఆవిడ పాప అరికాళ్లు తన ఒళ్లోకి తీసుకుని నిమురుతూ, "ఇమానం గూడ పన్నది బిడ్డా" అంది. పాప ఏడుపు ఆపి ఆవిడ వైపు చూసింది. "విమానం పడుకుంటే కింద పడిపోదా?" అంది. ఆ ప్రశ్న మీద ముగ్గురం చాలాసేపు మాట్లాడుకున్నాం.

తర్వాత పాప నిద్రపోయాక ఆవిడ తన సంగతి చెప్పింది. "మా బిడ్డ నీళ్లాడేదుంది. ఆర్నెల్లుండి, వచ్చేటప్పుడు పిలగాన్ని ఎంబడి తెచ్చుకుంట. వాళ్లిద్దరూ కొలువులకు పోతరు, ఎవలు చూస్తరు? ఇంటికాడ మేం సాదుకుంటం."

నేను తీసుకెళ్లకండి అనలేకపోయాను. ఆ కూతురి అవసరం ఏమిటో నాకు తెలుసు, ఆ అవసరంలో నేనూ నిలబడ్డాను. "తెచ్చుకోండమ్మా. కానీ ఏడాదికోసారైనా మీ అమ్మాయిని వచ్చి నెల రోజులుండమనండి. ఫోన్‌లో కనబడటం సరిపోదు" అన్నాను. ఆవిడ నిద్రపోతున్న పాపను చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

అదే రోజు, డాలస్

సూర్యుడి వెంటే పడమరకు వచ్చాం కాబట్టి ఇక్కడ ఇంకా పగలే. ఇమిగ్రేషన్ దగ్గర పాపది పౌరుల పాస్‌పోర్టు, నాది వీసా ముద్ర ఉన్న పాస్‌పోర్టు. ఈ దేశంలో దానికున్న హక్కు నాకు లేదు. అధికారి కాగితాలు చూసి, నన్ను చూపిస్తూ పాపను ఈమె ఎవరని అడిగారు. పాపకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో అడిగాను. గుండె గట్టిగా కొట్టుకుంటోంది.

"అమ్మాయి" అంది.

ఆ మాటకు అర్థమేమిటని ఆయన అడిగారు. మా ఇంట్లో నన్ను అలాగే పిలుస్తారని చెప్పాను, పుట్టిన సర్టిఫికెట్టు, నోటరీ ఉత్తరం ముందు పెట్టాను. ఆయన ఉత్తరం చదివారు. పాప అప్పటికి నా కుర్తా అంచు పిడికిట్లో పట్టుకుని ఉంది. ఆయన ఆ పిడికిలి కూడా చూశారనుకుంటాను. వెళ్లమన్నారు.

స్నేహితురాలు కారుతో వచ్చింది, వెనక పిల్లల సీటు బిగించి ఉంది. టెక్సస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలు ఆ సీట్లో బెల్టులతో కూర్చోవాలి. తాతయ్య ముందు నిలబడి గాలి తింటూ తిరిగిన పిల్ల. బెల్టు పెట్టగానే వీపు విల్లులా వంచి అరిచింది. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఉన్న మా అపార్ట్‌మెంట్ చేరేదాకా ఆ అరుపే.

పన్నెండో రోజు నుంచి

పగలు నిద్ర, రాత్రి మెలకువ. తెల్లవారుజామున మూడింటికి ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చుని కందిపొడి అన్నం తిన్నాం. ఆ వేళకు అమ్మకు అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. కాల్ చేస్తే పాప ముందు మాట్లాడలేదు, స్క్రీన్ వంక చూసి ఏడ్చింది. రెండో రోజు పలికింది. మూడో రోజు స్కూటర్‌ను చూపించమంది. నాన్న ఫోన్ పట్టుకుని ఎండలో వాకిట్లోకి వెళ్లి చూపించారు.

బడి సంగతి కనుక్కుంటే ఒక విషయం తెలిసింది. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లీషు రాని పిల్లలకు టెక్సస్ ప్రభుత్వ బడుల్లో ప్రీ-కె, అంటే కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి, ఉచితం. 2019 చట్టం తర్వాత నాలుగేళ్లవాళ్లకు రోజంతా ఉంటుంది. మూడేళ్ల కిందట డేకేర్ ఖర్చుకు భయపడి పంపిన పిల్ల, తెనాలి తెలుగు ఒక్కటే వచ్చు కాబట్టి ఇప్పుడు ఉచితంగా చేరబోతోంది. ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని ఫారంలో అడిగితే తెలుగు అని రాశాను.

సాయంత్రం దగ్గర్లోని థామస్ జెఫర్సన్ పార్కుకు వెళ్లాం. 2014లో అక్కడ పెట్టిన గాంధీ విగ్రహం ఉంది. పాప దూరం నుంచే చూసి చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది. "గాంధీ తాత! డబ్బుల మీద తాత!" ఈ ఊళ్లో దానికి తెలిసిన మొదటి ముఖం అదే. విగ్రహం చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. తిరిగి వస్తూ కారు సీట్లో బెల్టుకు గొడవ చేసింది, కాకపోతే నిన్నటి కన్నా తక్కువ.

ఆ రాత్రి నీళ్లడిగింది. లేచి వంటింట్లోకి వెళ్లి మరచెంబు మూత తిప్పితే రాలేదు. సాయంత్రం నేనే గట్టిగా బిగించాను. గుడ్డ పట్టి తిప్పాను, వేడి నీళ్ల కింద పెట్టాను, వేళ్లు ఎర్రబడ్డాయి. గ్లాసులో పోస్తే తాగదు. గడియారం రెండున్నర చూపిస్తోంది. ఏడుపు వస్తుందని తెలిసి అలాగే నిలబడ్డాను.

పాప మంచం దిగి కళ్లు నులుముకుంటూ వచ్చింది. చెంబు నా చేతిలోంచి తీసుకుని, నేల మీద కూర్చుని, తలకిందులు చేసి మూత అంచును టక్ టక్ మని రెండుసార్లు నేలకు తట్టింది. మళ్లీ నాకిచ్చింది.

"ఇప్పుడు తిప్పు."

వచ్చేసింది. గటగటా తాగి, మూతి చేత్తో తుడుచుకుని, చెంబు నా ఒళ్లో పెట్టింది.

"గట్టిగా పెట్టకు అమ్మాయ్" అంది.